ఫుట్‌బాల్ గురువు రహీం సాహెబు

2022 సంవత్సరాంతాన కతారు దేశంలో ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు జరిగినవి. ఆ సమయాన కూలికీ కొలువుకూ ఆ దేశంలో ఉన్న తెలుగువారిలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుండి వెళ్ళినవారు అనేకులు. ముప్పదిరెండు దేశాల జట్లు అక్కడికి వచ్చినవి. వాటిలో మన దేశపు జట్టు లేదు. భారతదేశానికీ ఫుట్‌బాల్‌కూ ఏమి సంబంధమని నేటి పిల్లవాడు ఎవడైనా అడిగితే ఆ ప్రశ్న మనకు వింతగా తోచదు. కాని ఆసియా ఖండంలో ఈ ఆటకు మనవారే మేటులని పేరుమోసిన కాలం ఒకటి ఉండినది. 1951లో ఒకసారి, 1962లో మరొకసారి ఆసియా క్రీడల్లో మనకు స్వర్ణపతకం లభించింది. 1956లో ఒలింపిక్ క్రీడల్లో నాల్గవ స్థానం దక్కింది. ఈ మూడు సందర్భాల్లోనూ జట్టును తీర్చిదిద్దినవారు ఒక్కరే. వారు హైదరాబాదు వాస్తవ్యులు, వృత్తిచేత బడిపంతులు. వారి పేరు సయ్యద్ అబ్దుల్ రహీం.

ఆనాటి హైదరాబాదు రాష్ట్రంలో కరీంనగరం జిల్లా ఒక భాగం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఆ జిల్లాలోని ఊళ్ళు. హైదరాబాదు జట్టు గెలిచిందని పత్రికలు వ్రాసినప్పుడు ఆ పేరులో ఈ ఊళ్ళకూ వాటా ఉన్నది. కనుక రహీం సాహెబు కథ రాజధానీ నగరానికి మాత్రమే చెందినదని శ్రోతలు భావింపనక్కరలేదు. పైగా ఆ కథ ఒక బడి మైదానంలో మొదలైనది. బడి మైదానాలు మన ఊళ్ళలోనూ ఉన్నవి.

రహీం సాహెబు 1909 ఆగస్టు 17వ తేదీన జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి పట్టభద్రులైనారు. విద్యార్థి దశలో వారు మంచి ఆటగాడు. ఉస్మానియా విద్యార్థులు కూడి ఏర్పరచుకొన్న ‘ఇలెవెన్ హంటర్స్’ అనే జట్టులోను, పిమ్మట ఖమర్ క్లబ్బు తరఫునను ఆడారు. చదువు ముగిసిన తరువాత ఉపాధ్యాయ వృత్తిని చేపట్టి కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలైన చోట్ల పాఠశాలల్లో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా పొంది, తాము పనిచేసిన బళ్ళలో ఆటల బాధ్యత వహించారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయి తుదిశ్వాస విడిచేదాకా ఆ పదవిలోనే ఉన్నారు. ఆటగాడు శిక్షకుడుగా మారడం లోకంలో కొత్త సంగతి కాదు. అయితే ఆ రెండింటి నడుమ ఉపాధ్యాయుడనే మెట్టు ఒకటి రహీం సాహెబు జీవితంలో ఉన్నది. వారి ప్రత్యేకతకంతకూ అదే మూలమని మా అభిప్రాయం.

ఆనాడు మన దేశంలో ఫుట్‌బాల్ ఎట్లా ఉండేదో కొంత చెప్పుకోవాలి. చాలామంది ఆటగాళ్ళు బూట్లు లేకుండా ఆడేవారు. బంతి దొరికినవాడు దానిని విడువక, ఎదురువచ్చిన వారినందరినీ తప్పించుకొంటూ గోలుదాకా పోవాలని చూచేవాడు. జనం దానికే చప్పట్లు చరిచేవారు. కుడికాలివాటం గలవానికి ఎడమకాలు నేలమీద నిలబడడానికి మాత్రమే పనికివచ్చేది. ఇవన్నీ లోపాలేనని గ్రహించినవారు పలువురు ఉండవచ్చు. వాటిని పోగొట్టడానికి బడిలో లెక్కలు నేర్పినట్లు అభ్యాసాలు కల్పించినది రహీం సాహెబు.

వారు కల్పించిన పద్ధతులు వినడానికి మిక్కిలి సులువు. బంతితో ఎవరినీ తప్పించుకొని పోరాదు, వెంటనే తోటివానికి అందించాలి అనే నియమంతో వారు పోటీలు నడిపారు. వాటం లేని కాలితోనే ఆడాలి అనే నియమంతో మరికొన్ని పోటీలు నడిపారు. అయిదుగురు, ఏడుగురు చొప్పున చిన్న జట్లతో పోటీలు పెట్టారు. చిన్న జట్టులో ప్రతి పిల్లవానికీ బంతి మాటిమాటికీ అందుతుంది. దాగియుండడానికి చోటు ఉండదు. ఈ అభ్యాసాలు చేసిన కుర్రవాడు కొన్నాళ్ళకు తనకు తెలియకుండానే తల ఎత్తి తోటివాడు ఎక్కడున్నాడో చూడడం నేర్చుకొంటాడు. మందలింపుతో రాని గుణం నియమం మార్చడంతో వస్తుంది. మంచి ఉపాధ్యాయునికి తెలిసిన కిటుకు ఇదే.

1950లో రహీం సాహెబు హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులైనారు. ఆ సంవత్సరమే ఆ జట్టు బొంబాయిలో జరిగే రోవర్సు కప్పును, ఢిల్లీలో జరిగే డ్యూరాండు కప్పును గెలిచింది. ఆనాడు ఫుట్‌బాల్ అంటే కలకత్తా అని పేరు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్లను దాటి దక్కను పీఠభూమి నుండి వచ్చిన పోలీసు కానిస్టేబుళ్ళ జట్టు విజయం సాధించడం దేశాన్ని ఆశ్చర్యపరచింది. 1950 మొదలు 1954 దాకా వరుసగా అయిదు సంవత్సరాలు రోవర్సు కప్పు వారిదే. డ్యూరాండు కప్పును 1954లోను, 1957లోను మళ్ళీ గెలిచారు. ఆంధ్రప్రదేశ్ అవతరించిన తరువాత ఆంధ్రా పోలీసు పేరుతో 1961లో మరొకసారి గెలిచారు. రాష్ట్రజట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని కూడా 1956-57, 1957-58 సంవత్సరాల్లో హైదరాబాదు జట్టే తెచ్చుకొన్నది.

ఈ కీర్తి రహీం సాహెబును భారత జట్టుకు చేర్చింది. 1951 మార్చిలో మొట్టమొదటి ఆసియా క్రీడలు న్యూఢిల్లీలో జరిగినవి. మనవారు ఇండోనేషియాను 3-0తోను, ఆఫ్ఘనిస్తానును 3-0తోను ఓడించి, తుదిపోటీలో ఇరానుపై 1-0తో గెలిచారు. ఆ ఒక్క గోలు చేసినవాడు మేవాలాల్. జట్టు నాయకుడు శైలేన్ మన్నా. స్వతంత్రం వచ్చి నాలుగేళ్ళయినా నిండని దేశానికి ఆ స్వర్ణపతకం ఎంత ఉత్సాహాన్నిచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చును.

అయితే మరుసటి ఏడాదే గర్వభంగం జరిగింది. 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడల్లో యుగోస్లావియా మనలను 10-1తో ఓడించింది. మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండానే బరిలోకి దిగారు. చలిదేశపు తడినేలమీద ఉత్తపాదాల పని సాగలేదు. ఓటమి పిమ్మట అందరూ బూట్ల సంగతే మాట్లాడుకొన్నారు. బూట్లు తప్పనిసరి అయినవి. రహీం సాహెబు దృష్టికి మరొక లోపం కూడా వచ్చింది. పాదాలకు బూట్లు తొడిగినంత మాత్రాన జట్టు నిలిచే తీరు మారదు గదా!

ఆ తీరు ఏమిటో కొంచెం వివరిస్తాము. ఆనాటి పాతపద్ధతిలో గోల్‌కీపరు ముందు ఇద్దరు బాకులు, వారి ముందు ముగ్గురు హాఫ్‌బాకులు, ఆపై వరుసగా అయిదుగురు ఫార్వర్డులు నిలిచేవారు. దాడికి ఇది బాగుంటుంది. కాని ఎదుటి జట్టు వేగంగా వచ్చిపడితే ఇద్దరు బాకులు చాలరు. ఐరోపాలో అప్పటికే నడుమనున్న హాఫ్‌బాకును వెనుకకు తెచ్చి మూడవ బాకుగా నిలుపుతున్నారు. రహీం సాహెబు ఈ మార్పును మన జట్టులోకి తెచ్చారు. ఇంతలో 1953 నవంబరులో హంగరీ జట్టు లండనులోని వెంబ్లీ మైదానంలో ఇంగ్లండును 6-3తో ఓడించి లోకాన్ని నివ్వెరపరచింది. అందరికన్నా ముందుండవలసిన సెంటర్ ఫార్వర్డు హిడెగ్‌కుటి వెనుకకు వచ్చి ఆడడం ఆ విజయంలోని రహస్యం. అతనిని కాపలా కాయవలసిన బాకు వెంట వస్తే గోలు ముందు ఖాళీ ఏర్పడుతుంది. రాకుంటే అతనికి అడ్డే ఉండదు. సిరిసిల్ల శ్రోతలకు మగ్గం పని తెలిసినదే. నాడె రెండు అంచుల మధ్య అటూ ఇటూ తిరిగితేనే పడుగూ పేకా కలిసి బట్ట అవుతుంది. వెనుకకు వచ్చి ఆడే ఫార్వర్డు అటువంటి నాడె. ఈ కొత్త నేతను ఆసియాలో తొందరగా అందిపుచ్చుకొన్నవారిలో రహీం సాహెబు అగ్రగణ్యులు.

దాని ఫలితం 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడల్లో కనబడింది. డిసెంబరు 1వ తేదీన మనవారు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4-2తో ఓడించారు. బొంబాయి ఫార్వర్డు నెవిల్ డిసూజా ఆ పోటీలో మూడు గోలులు చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఒకే పోటీలో మూడు గోలులు చేసిన తొలి ఆసియావాసి అతడే. ఆసియా నుండి సెమీఫైనలు చేరిన తొలి జట్టూ మనదే. సెమీఫైనలులో మళ్ళీ యుగోస్లావియాయే ఎదురైంది. తొలి గోలు మనదే అయినా చివరకు 4-1తో ఓడిపోయాము. నాలుగేళ్ళ క్రిందట పది గోలులు చేసిన జట్టుకు మొదటి గోలు ఇవ్వవలసివచ్చిందంటే మనవారి ఆట ఎంత మారిందో తెలుస్తుంది.

ఆ మెల్‌బోర్న్ జట్టులో సికిందరాబాదు సమీపాన అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం అనే ఇరువదేళ్ళ ఫార్వర్డు ఉన్నాడు. బీద కుటుంబం. పాత పోలీసు బూట్లను మోచీచేత ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకొని ఆడినవాడు. రహీం సాహెబు అతని ఆట చూచి శిక్షణకు రమ్మన్నారు. శిక్షణ జరిగేది హైదరాబాదులో. రోజూ అంతదూరం వచ్చిపోవడానికి అతనివద్ద డబ్బు లేదు. సైకిలు అద్దెకు రహీం సాహెబే డబ్బులిచ్చి తనను రప్పించారని బలరాం పెద్దవయసులో కృతజ్ఞతతో చెప్పుకొనేవారు. ఆ సైకిలు అద్దెకు దేశానికి దక్కిన ప్రతిఫలం గొప్పది. 1960 రోము ఒలింపిక్ క్రీడల్లో హంగరీపై మనవారు 2-1తో మాత్రమే ఓడిపోయారు. మన గోలు బలరాంది. ఆ హంగరీ ఆ క్రీడల్లోనే కాంస్యపతకం గెలిచింది. ఫ్రాన్సుతో 1-1గా పోటీ సమమైంది. పెరూ చేతిలో 3-1తో ఓడినప్పుడు మన ఒక్క గోలూ బలరాందే. ప్రదీప్ కుమార్ బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం అనే ముగ్గురు ఫార్వర్డుల పేర్లను దేశం ఒక్క ఊపిరిలో పలికేది. మొదటి ఇద్దరూ వంగదేశీయులు, మూడవవాడు మనవాడు.

ఇక 1962 ఆగస్టు, సెప్టెంబరు మాసాల్లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలకు వద్దాము. రహీం సాహెబు అప్పటికే ఊపిరితిత్తుల వ్యాధితో క్షీణిస్తున్నారు. మొదటి పోటీలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి కలిగింది. పిమ్మట థాయిలాండును 4-1తో, జపానును 2-0తో ఓడించి సెమీఫైనలు చేరారు. ఈలోగా జట్టులో గాయాలు మిక్కుటమైనవి. బాకుగా ఆడే జర్నయిల్ సింగుకు తలకు గాయమై కుట్లు పడినవి. అటువంటివానిని రహీం సాహెబు సెంటర్ ఫార్వర్డుగా ముందుకు పంపారు. తలకు కట్టుతో ఆడే ఆటగాడు వెనుక నిలిచి బంతిని కాయడం కన్నా ముందు నిలిచి గోలు చేయడం మేలని వారు లెక్కకట్టినట్లున్నది. దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచి మనవారు తుదిపోటీకి వెళ్ళారు.

తుదిపోటీ సెప్టెంబరు 4వ తేదీన, మళ్ళీ దక్షిణ కొరియాతోనే. ఇజ్రాయెలును, తైవానును ఆ క్రీడలకు రానీయకపోవడాన్ని భారత క్రీడాధికారి గురుదత్ సోంధీ విమర్శించినందువల్ల జకార్తాలో మనవారిపై ఆగ్రహం ప్రబలి ఉండినది. వేలాది ప్రేక్షకులు మన జట్టును ఎగతాళి చేస్తూ కేకలు వేశారు. ఆ జనసమూహంలో మనవారిని ప్రోత్సహించినది పాకిస్తాను హాకీ ఆటగాళ్ళు. అనారోగ్యం నుండి కోలుకొన్న పీటర్ తంగరాజ్‌ను రహీం సాహెబు ఆ పోటీకి గోల్‌కీపరుగా నిలిపారు. తనకు కానుకగా స్వర్ణపతకం కావాలని వారు ముందునాటి రాత్రి ఆటగాళ్ళను అడిగారని అంటారు. ఆట మొదలైన ఇరువది నిమిషాల్లోనే ప్రదీప్ కుమార్ బెనర్జీ ఒక గోలు, తలకు కట్టుతో ఉన్న జర్నయిల్ సింగు మరొక గోలు చేశారు. కొరియావారు చివరలో ఒక గోలు చేసినా ఫలితం మారలేదు. 2-1తో స్వర్ణపతకం మనదైంది.

తొమ్మిది మాసాలు గడిచిన పిమ్మట, 1963 జూన్ 11వ తేదీన, రహీం సాహెబు క్యాన్సరుతో మరణించారు. అప్పటికి వారి వయస్సు యాభైమూడు సంవత్సరాలు. ఆ సంవత్సరమే బలరాం కూడా ఊపిరితిత్తుల పొరకు వచ్చిన జబ్బుచేత ఇరువదియేడవ యేట ఆట విరమించవలసివచ్చింది.

ఆ తరువాతి చరిత్ర అందరికీ తెలిసినదే. 1964లో ఆసియా కప్పులో మనవారు రెండవ స్థానం పొందారు. 1970లో బాంకాక్ ఆసియా క్రీడల్లో హైదరాబాదు వాడైన సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వాన కాంస్యపతకం తెచ్చారు. నాటి నుండి నేటిదాకా ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మరొక పతకం లేదు.

ఇట్లా ఎందుకు జరిగిందని ఆలోచించేటప్పుడు జపాను ఉదాహరణ మనకు మిక్కిలి ఉపకరిస్తుంది. జకార్తాలో జపాను మనచేత ఓడిపోయిన జట్టు. ఆ జట్టువారికి పాఠాలు చెప్పడానికి 1960లో డెట్మార్ క్రామర్ అనే జర్మను శిక్షకుడు వచ్చాడు. అతడూ రహీం సాహెబు వలెనే బంతిని ఆపడం, అందించడం వంటి మొదటి పాఠాల నుండి ప్రారంభించాడు. అయితే దేశమంతటా నడిచే లీగు పోటీలు ఉండాలని, శిక్షకులకు శిక్షణ ఇచ్చే ఏర్పాటు ఉండాలని అతడు చెప్పిన మాటలను జపానువారు పాటించారు. 1965లో వారి లీగు మొదలైంది. 1968లో మెక్సికో ఒలింపిక్ క్రీడల్లో వారికి కాంస్యపతకం లభించింది. ఆ పోటీలన్నింటిలో అత్యధికంగా ఏడు గోలులు చేసినవాడు వారి ఫార్వర్డు కమమోతో. క్రామర్ తన దేశానికి వెళ్ళిపోయినా అతని పాఠం జపానులో మిగిలింది. మనకు అంతటి గురువు ఇంటిలోనే పుట్టాడు. ఆయనతోపాటు ఆయన పాఠంలో పెద్దభాగం వెళ్ళిపోయింది. ఒక మనిషి తలలోను, నోటిలోను ఉన్న విద్యను బళ్ళకు, సంఘాలకు, లిఖిత పాఠాలకు ఎక్కించుకోలేకపోయాము.

కొంత మాత్రం శిష్యుల ద్వారా నిలిచింది. ప్రదీప్ కుమార్ బెనర్జీ ఫార్వర్డుగా ఆట విరమించి శిక్షకుడై, ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ జట్లకు ఎన్నో విజయాలు సంపాదించిపెట్టాడు. 1977లో ప్రఖ్యాతుడైన పెలే తన న్యూయార్కు కాస్మోస్ జట్టుతో కలకత్తా వచ్చినప్పుడు 2-2గా పోటీని సమం చేసిన మోహన్ బగాన్‌కు ఆయనే శిక్షకుడు. హైదరాబాదులో తరువాతి తరానికి చెందిన షబ్బీర్ అలీ కూడా ఇదే బాట నడిచాడు. 1974లో బాంకాక్‌లో ఆసియా యువజన పోటీలో భారత జట్టు ఇరానుతో కలిసి విజేతగా నిలిచినప్పుడు ఈ ఫార్వర్డే నాయకుడు. పిమ్మట శిక్షకుడై 1998-99లో గోవాకు చెందిన సాల్గావ్‌కర్ జట్టును జాతీయ లీగు విజేతగా నిలిపాడు. 2024లో రహీం సాహెబు జీవితాన్ని ఆధారం చేసుకొని ‘మైదాన్’ అనే హిందీ చలనచిత్రం వెలువడిన తరువాత వారి పేరు కొత్తతరం వారి చెవిని కూడా పడింది. ఒకప్పటి ముగ్గురు ఫార్వర్డుల్లో చివరివాడుగా మిగిలిన బలరాం మాత్రం దానిని చూడలేదు. 2023 ఫిబ్రవరి 16వ తేదీన ఆయన కలకత్తాలో మరణించారు.

ఇదంతా ముగిసిన కథ అని శ్రోతలు నిరుత్సాహపడనక్కరలేదు. కోరుట్లకు పొరుగునున్న నిజామాబాదు జిల్లా నుండి గుగులోత్ సౌమ్య అనే ఆడపిల్ల భారత మహిళా జట్టుకు ఫార్వర్డు అయింది. 2022లో ఆమెను క్రొయేషియా దేశపు దినమో జాగ్రెబ్ క్లబ్బు తీసుకొన్నది. 1952లో మనకు పది గోలులు చేసిన యుగోస్లావియాలో ఆనాడు ఒక భాగంగా ఉండిన నేల అది. డెబ్బది సంవత్సరాల తరువాత ఆ నేలమీద ఆడడానికి వెళ్ళినది మన పొరుగు జిల్లా బిడ్డ. చిన్న ఊళ్ళలో ప్రతిభకు కొదువ లేదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

ప్రతిభ కనబడినచోట దానిని గుర్తించి, లోపం కనిపెట్టి, తగిన అభ్యాసం కల్పించే ఉపాధ్యాయుడు కావాలి. రహీం సాహెబు నడిపిన పోటీలకు పెద్ద క్రీడాంగణాలు అవసరం లేదు. ఒక బంతి, నాలుగు గుంజలు, అయిదుగురేసి పిల్లలు, ఎడమకాలితోనే తన్నాలి అన్న ఒక నియమం ఉంటే చాలును. జగిత్యాలలోనో, కోరుట్లలోనో, సిరిసిల్లలోనో సాయంకాలం బడి విడిచిన తరువాత ఒక గంటసేపు మైదానంలో నిలబడగల మాస్టరు ఒక్కరుంటే ఆ పాఠం మళ్ళీ మొదలవుతుంది. ఆ మైదానాన్ని భవనాలకు, సంతలకు వదలిపెట్టక పిల్లల కొరకు నిలుపుకోవడం మాత్రం మాస్టరు ఒక్కరివల్ల అయ్యే పని కాదు. అది ఊరి పెద్దల బాధ్యత, తల్లిదండ్రుల బాధ్యత.